మేడ మీది స్టోరు

ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సామాను గది ఆయన చేతిలో ఉండేది కాబట్టి అందరూ ఆయన్ని స్టోరాయన అనేవారు. ఎంతమంది ఎన్నేళ్ళు అన్నారంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని ఆయన పక్కకి తప్పుకునేవాడు. ఇంట్లో భార్య కూడా ఇరుగుపొరుగుతో "మా స్టోరాయన ఇంకా రాలేదు" అనే చెప్పేది. కరెంటు పోయినా సరే, ఏ నట్టు ఏ అరలో ఉందో చెయ్యి పెట్టి తీసేవాడు. ఆ గదిలో ఆయన పెట్టిన రూలు ఒకటుండేది. ఏడాదిపాటు ఎవరూ అడగని, ఎవరూ ముట్టని వస్తువుకి 'కదలని సరుకు' అని ఎర్రచీటీ కట్టి బయటికి పంపేసేవాడు. మొహమాటం లేదు. అర ఖాళీ కావాలి, కొత్త సామాను రావాలి, అంతే. ఆ రూలంటే ఆయనకు మహా గర్వం.

ఒక సోమవారం మేనేజరు ఆయన్ని తన గదికి పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. అన్నేళ్ళలో ఎన్నడూ మంచినీళ్ళయినా ఇవ్వని మనిషి టీ తెప్పించేసరికి స్టోరాయనకి సగం సంగతి అర్థమైపోయింది. ఫ్యాన్లు కొనే నాథుడు లేడు. రెండో షిఫ్టు ఎత్తేస్తున్నారు. మిగిలిన సామానుకి ఒక గుమాస్తా సరిపోతాడు.

"కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండండి. పరిస్థితి కాస్త కుదుటపడగానే మేమే ఫోన్ చేస్తాం" అన్నాడు మేనేజరు.

ఆ చివరి మాటే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. పొమ్మని ఉంటే పోయి, నాలుగు రోజులు తిట్టుకుని, మరో చోటు చూసుకునేవాడు. ఫోన్ చేస్తాం అన్నారు కదా! ఇక ఆ ఫోను ఆయన్ని ఒక్కచోట కూర్చోనిస్తే ఒట్టు. స్నానానికి వెళ్తే కిటికీలో పెట్టుకునేవాడు. మోగితే తలమీద సబ్బుతోనే బయటికి వచ్చేవాడు. అవతలివాళ్ళు తీయటి గొంతుతో ఇల్లు కొంటారా అని అడిగేవారు.

భార్య పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని లోపలికి పంపే పని చేసేది. కూతురు కాలేజీలో ఆఖరి ఏడాది. ఇద్దరూ పొద్దున్నే చెరో దారి పట్టుకుపోతే, ఇంట్లో ఈయన, గోడ గడియారం మిగిలేవారు. కాలు గాలిన పిల్లిలా ముందు గది నుంచి వెనక గదికి, వెనక గది నుంచి ముందు గదికి తిరిగేవాడు. మొదటి వారం వంటింటి మీద పడ్డాడు. డబ్బాలన్నీ దింపి, పెద్దవి కింద, చిన్నవి పైన, ఒక్కో దానికీ చీటీ అంటించి సర్దాడు. ఆ సాయంత్రం భార్యకు ఉప్పు దొరకడానికి ఆయన్నే పిలవాల్సి వచ్చింది. రెండో వారం కూతురి పుస్తకాలు ఎత్తు ప్రకారం పేర్చాడు. మర్నాడు పరీక్ష. ఆ పిల్ల పుస్తకం కోసం వెతికి వెతికి, చివరికి తండ్రిని పట్టుకుని బతిమాలింది.

"నాన్నా, నీకు దండం పెడతాను. నా గదిని ఫ్యాక్టరీ చెయ్యకు."

భార్య మాత్రం ఏమీ అనేది కాదు. అదే ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక్క మాట విసురుగా అని ఉంటే తనూ నాలుగు మాటలు అని ఊపిరి పీల్చుకునేవాడు. ఆవిడ ఇంటికి రావడం, చెప్పులు విప్పడం, నవ్వడం, అన్నం పెట్టడం. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. తను ఊరికే కూర్చుని తింటున్నాడని ఆవిడ లోలోపల అనుకుంటోందేమో! ఉద్యోగం పోయిందన్న బాధ కంటే ఈ భయమే ఆయన్ని ఎక్కువగా తినేసింది.

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి మొక్కలు. చీరల మీద, నగల మీద యావ లేదు. నెలకోసారి, జీతం వచ్చిన తర్వాతి ఆదివారం, పెద్ద రోడ్డు చివర ఉన్న నర్సరీకి వెళ్ళి ఒక మొక్క తెచ్చుకునేది. మేడంతా కుండీలే. ఎండగా ఉన్నా, ముసురు పట్టినా ఆ ఆదివారం తప్పేది కాదు. ఈయనకు ఉద్యోగం పోయిన నెల ఆ ఆదివారం వచ్చింది. ఆవిడ కదల్లేదు.

"నర్సరీకి వెళ్ళలేదేం?" అన్నాడు ఈయన.

"మేడ మీద ఇంకా జాగా ఎక్కడుందండీ" అంది ఆవిడ, కత్తెర పట్టుకుని పైకి వెళ్తూ.

ఆయనకు చెంప మీద కొట్టినట్టయింది. ఖర్చు తగ్గించు అని తను నోరు తెరిచి అడగలేదు. అడగకుండానే ఆవిడ తన ఒక్క సరదానీ మడిచి లోపల పెట్టేసింది. ఆ మధ్యాహ్నమంతా ముందు గదికీ వెనక గదికీ ఎన్నిసార్లు తిరిగాడో ఆయనకే తెలియదు. సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చి, అన్నాల దగ్గర ప్రకటించాడు.

"రేపటి నుంచి మన కూరగాయలు మనమే పండిస్తాం. కొనే పనే లేదు."

"మనమంటే ఎవరు నాన్నా?" అంది కూతురు.

"నేనే."

"సరే కానీండి. నా గులాబీల జోలికి మాత్రం రాకండి" అంది భార్య.

ఆకున్న దేన్నీ ముట్టనని ఆయన మాటిచ్చాడు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు కూడా. అక్కడే వచ్చింది చిక్కంతా.

మర్నాడు నర్సరీకి వెళ్ళేసరికి అక్కడ లోకమే తలకిందులై ఉంది. ఇంతకుముందు భార్యతో వచ్చినప్పుడల్లా గేటు పక్కన పువ్వుల కుండీలు, రంగురంగుల ఆకుల మొక్కలు ఉండేవి. ఇప్పుడవన్నీ వెనక్కి పోయాయి. ముందు వరసలో టమాటా నారు, మిరప నారు, వంగ నారు. ఆ పక్కన విత్తనాల పొట్లాలు వేలాడుతున్నాయి. నర్సరీ నడిపే ముసలాయన్ని చిన్నా పెద్దా అందరూ తాత అనేవారు. నోటికి ఊరుకునే అలవాటు లేదు ఆయనకి.

"ఇదివరకు పువ్వు చూసి కొనేవారు బాబూ. ఇప్పుడు మొక్క చేతిలో పెడితే ముందు అడిగేది ఒకటే, ఇది తినొచ్చా అని! కార్లలో వచ్చి డిక్కీ నిండా పువ్వులు వేసుకెళ్ళినవాళ్ళు ఇప్పుడు నడిచొచ్చి పాలకూర విత్తనం పట్టుకెళ్తున్నారు. ఆఫీసులవాళ్ళు అద్దెకి తీసుకున్న కుండీలన్నీ వెనక్కి పంపేశారు. మనీ ప్లాంటు ఒక్కటే ఎప్పటికంటే బాగా పోతోంది. ఎందుకో నన్నడక్కు."

స్టోరాయన టమాటా నారు, మిరప నారు, వంగ నారు, సొర, పాలకూర విత్తనాలు కొన్నాడు. ఎరువు బస్తా కొన్నాడు. చిన్న పార, నీళ్ళు చిమ్మే డబ్బా, పక్షులు రాకుండా వల కొన్నాడు. నారుకి కుండీలు కావాలి కదా అని రంగుల దుకాణానికి వెళ్ళి ఖాళీ బకెట్లు అడిగాడు. పోయిన ఏడాది వరకు ఆ బకెట్లు బయట పారేసి, ఎవరు పట్టుకుపోతారా అని ఎదురుచూసిన దుకాణంవాడు, ఇప్పుడు వాటిని అద్దాల వెనక పెట్టి ధర చెబుతున్నాడు. వీధి వీధంతా మేడల మీద పంటలు మొదలుపెట్టింది మరి. స్టోరాయన అక్కడే నిలబడి వాడితో అరగంట వాదించి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు.

ఇంట్లో ఉన్న ఖాళీ కుండీలు చాలలేదు. నారు వాడిపోతోంది. అప్పుడాయన సుద్దముక్క తీసుకుని మేడంతా ఒక చుట్టు తిరిగాడు, ఫ్యాక్టరీలో ఏడాది చివర అరలన్నీ తిరిగినట్టే. గులాబీలు, ఆకులున్నాయి, పక్కన పెట్టు. మల్లె, ఆకులున్నాయి, పక్కన పెట్టు. నీళ్ళ ట్యాంకు వెనక నీడలో ఒక వరస కుండీలు కనిపించాయి. ఉత్త మట్టి. ఆకు లేదు, కాడ లేదు, కనీసం కలుపు మొక్కయినా లేదు. వేలు పెట్టి చూస్తే మట్టి ఎండిపోయి ఉంది. నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో. మంచి కుండీలు, వరసగా, అందరి కళ్ళకీ మరుగున, ఏ పనీ చెయ్యకుండా కూర్చుని ఉన్నాయి. ఆయన వాటి మీద ఇంటూ గుర్తు పెట్టాడు. ఒక్కొక్కటే బోర్లించాడు. మట్టిలోంచి ముడతలు పడ్డ ఉల్లిపాయల్లాంటివి ఏవో దొర్లాయి. ఎప్పుడో కుళ్ళిపోయినవి కాబోలు అనుకుని చీపురుతో ఊడ్చి సంచిలో వేశాడు. చెత్తబండి వస్తే తనే మోసుకెళ్ళి అందులో పడేశాడు. ఆ కుండీల్లో మిరప నారు నాటి, నడుము పట్టుకుని నిలబడి చూసుకుంటే, ఉద్యోగం పోయాక మొదటిసారి కడుపు నిండినట్టనిపించింది.

భార్య ఇంటికి రాగానే గుమ్మంలోనే ఎదురెళ్ళాడు.

"ట్యాంకు వెనక కదలని సరుకంతా తీసిపారేశాను. మిరప పెట్టాను."

ఆవిడ ఆ రోజు క్లినిక్‌లో నిలబడే ఉందట, కాళ్ళు వాచిపోయాయి. చెప్పులు విప్పుకుంటూ ఆయన మాట సగం విని, "మంచిది" అంది.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అదే తంతు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టడం ఆలస్యం, ఈయన లెక్క మొదలుపెట్టేవాడు. టమాటా పూత వచ్చింది. పాలకూర రెండు కట్టలు కోశాను. మిరపకాయలు గుప్పెడు. ఆవిడ "మంచిది" అనేది. ఆ మంచిదిలో ఏముందో తేల్చుకోలేక ఆయన మర్నాడు ఇంకాస్త ఎక్కువ పని చేసేవాడు. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం పురుగుల వేట. మొక్క పెరిగిందా లేదా అని గంటకోసారి పైకెక్కేవాడు. వేరు పట్టిందా అని ఒక టమాటాని లాగి చూసి, మళ్ళీ పాతిపెట్టాడు. అది మూడో నాటికి తల వాల్చేసింది. మళ్ళీ నర్సరీకి పరుగు. ఇంకో ఎరువు బస్తా, వేపనూనె, కట్టెలు, తాళ్ళు. బస్తా ధర పెరిగిందని పక్కింటివాళ్ళతో, ఎదురింటివాళ్ళతో కలిసి పంచుకున్నాడు. ఆ పంపకంలో ఎవరి వాటా తక్కువైందో తేలక మూడిళ్ళవాళ్ళూ కొన్నాళ్ళు ముఖాలు మాడ్చుకు తిరిగారు.

ఒక రాబడి మాత్రం తిరుగులేకుండా వచ్చింది. సొరకాయలు. చిక్కేమిటంటే వీధిలో అందరూ అదే నర్సరీలో, అదే వారంలో, అవే విత్తనాలు కొన్నారు. అన్ని మేడల మీదా ఒకేసారి కాయలు దిగాయి. పంచిపెడదామంటే పుచ్చుకునేవాడు లేడు. పొద్దున తలుపు తీస్తే గేటుకి ఎవరో సంచి తగిలించి పోయేవారు. తీసి చూస్తే సొరకాయ. ఈయన దాన్ని ఎదురింటి గేటుకి తగిలించి వచ్చేవాడు. సాయంత్రానికి అదే కాయ, మెడ మీద అదే గాటుతో, మళ్ళీ తమ గేటుకే వేలాడేది.

కూతురు ఒకనాడు టమాటా చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, బస్తాలూ వలలూ మందులూ అన్నీ కలిపితే ఈ టమాటా ఎంత పడుతుందో తెలుసా? దీన్ని కూరలో వెయ్యకూడదు, బీరువాలో పెట్టాలి."

భార్య పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ రాత్రి మంచం మీద అటు దొర్లి, ఇటు దొర్లి, మనసులో కూడికలు చేశాడు. పిల్ల అన్నది నిజమే. ఆవిడ నెలకో మొక్క కొన్నప్పుడు మేడ మీద అయిన ఖర్చు కంటే, ఈయన మిగులుస్తానని మొదలుపెట్టాక అవుతున్న ఖర్చే ఎక్కువ. ఆదా చెయ్యడానికి కూడా తను పనికిరాలేదు. ఫోను దిండు పక్కనే ఉంది. అది మోగలేదు.

ఎండలు ముదిరి, ఒకనాటి మధ్యాహ్నం తొలకరి పడింది. మర్నాడు కూడా పడింది. ఆ మూడో రోజు సాయంత్రం భార్య తడిసిన చీర కొంగు తుడుచుకుంటూ వచ్చింది. స్టోరాయన అలవాటుగా గుమ్మంలోకి వెళ్ళి "ఇవాళ వంకాయలు..." అన్నాడో లేదో, ఆవిడ భుజం మీద సంచి కూడా దించకుండా గబగబా మేడ మెట్లు ఎక్కేసింది. ముఖంలో చిన్నపిల్ల సంబరం. ఈయన వంకాయ చేతిలో పట్టుకునే వెనకాల ఎక్కాడు.

ఆవిడ నేరుగా ట్యాంకు వెనక్కి వెళ్ళింది. అక్కడ మిరప చెట్లు వానకి కడిగినట్టు మెరుస్తున్నాయి. ఆవిడ వాటి ముందు వంగి, ఒక్కో కుండీ మొదట్లో వెతికింది. ఇంకో కుండీ. ఇంకో కుండీ. నిటారుగా లేచి నిలబడేసరికి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మిరప పైపైన పెట్టారనుకున్నాను, అడుగున నా దుంపలుండాలిగా. ఏవండీ?"

"దుంపలా?"

"లిల్లీ దుంపలు. తొలివాన పడగానే వస్తాయి. ఆకు కంటే ముందు మొగ్గే వస్తుంది, ఎర్రటి బంతిలా పూస్తుంది. నా మొదటి జీతంతో కొన్నాను ఒక్క దుంప. దాని పిల్లలే ఈ వరసంతా. ఏటా మీకు చూపిస్తూనే ఉన్నానుగా."

చూపించేది నిజమే. వానాకాలం మొదట్లో రెండో షిఫ్టు నుంచి వచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే, బాగున్నాయి అని ఆయన అనేదీ నిజమే. అవి ఏ కుండీలో పూశాయో, పూసి ఎటు పోయాయో ఆయన ఎన్నడూ చూడలేదు. చేతిలో వంకాయ బరువెక్కింది.

"కుళ్ళిన ఉల్లిపాయలనుకున్నాను. చెత్తబండిలో వేసేశాను."

"ఎప్పుడు?"

"అప్పుడే, చలికాలంలో. నీకు చెప్పాను కూడా."

ఆవిడ బోర్లించి ఉన్న బకెట్ మీద కూలబడింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆయనే తట్టుకోలేక గడగడా మొదలుపెట్టాడు.

"నెలల తరబడి ఏమీ మొలవలేదే అందులో. నువ్వు నీళ్ళు కూడా పొయ్యడం లేదు. ఏ పనికీ రాకుండా, ఊరికే జాగా ఆక్రమించుకుని పడి ఉన్నాయి, వాటి బదులు నాలుగు మిరపకాయలైనా వస్తే ఇంటికి..."

"ఊరికే పడి ఉన్నాయని మీకెవరు చెప్పారు?" అంది ఆవిడ.

తడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఏడాదికి పదిరోజులు పూస్తాయవి. మిగతా రోజులన్నీ మట్టిలో పడుకునే ఉంటాయి. పడుకోనివ్వాలి వాటిని. నేనొక్కనాడైనా ఇక్కడికొచ్చి, ఇవాళ నువ్వేం చేశావని వాటినడిగానా? మిమ్మల్ని మాత్రం అడిగానా? రోజూ నేను గుమ్మం ఎక్కేసరికి ఇన్ని కాయలు, అన్ని ఆకులు అని అప్పజెబుతారు. బడి పిల్లాడిలా చేతులు కట్టుకుని. మంచిదంటాను. ఇంకేమనాలో తెలీదు నాకు. మీరలా నిలబడితే నా కడుపు తరుక్కుపోతోందండీ. ఈ ఇంట్లో మీకు అన్నం పెట్టడానికి నాకు మిరపకాయలు కావాలా?"

ఆయన చేతిలోని వంకాయని పిట్టగోడ మీద పెట్టాడు. సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకే, ఇన్ని నెలలుగా గొంతులో అడ్డం పడిందేదో దిగిపోయి, ఒళ్ళంతా ఒక్కసారిగా వదులైంది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి మట్టి. ఆవిడే కొంగు అందించింది, అది అప్పటికే తడిసి ముద్దగా ఉంది. తర్వాత ఆవిడ లేచి, ఆకలేస్తోందంటూ కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన నర్సరీకి వెళ్ళాడు. జేబులో ఉన్నది తర్వాతి ఎరువు బస్తాకని దాచిన డబ్బు. ముందు వరసలో నారు చుట్టూ జనం మూగి ఉన్నారు. వాళ్ళని తప్పించుకుని తాత దగ్గరికి వెళ్ళి, ఎర్రగా బంతిలా పూసే లిల్లీ దుంపలున్నాయా అని అడిగాడు. తాత ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"అవి తినేవి కావు బాబూ."

"తెలుసు."

"పూతకొచ్చేవి లేవు. అడిగేవాళ్ళు లేక నేను పెంచడం మానేశాను. వెనకాల ఎక్కడో పిల్లదుంపలు ఒకటో రెండో ఉండాలి. ఈ ఏడు పుయ్యవు. వచ్చే ఏడు కూడా నాకు నమ్మకం లేదు. ముందే చెబుతున్నాను, తర్వాత వచ్చి నా ప్రాణం తియ్యొద్దు."

"ఇవ్వు తాతా" అన్నాడు స్టోరాయన.

వెల్లుల్లి పాయంత దుంపని కాగితంలో చుట్టించుకుని ఇంటికి తెచ్చాడు. ట్యాంకు వెనక ఒక మిరప చెట్టుని ఎదురింటివాళ్ళకి ఇచ్చేసి, ఆ కుండీలో దీన్ని పాతాడు. పైన మట్టి సర్దాడు. చూడడానికి ఉత్త కుండీ. మధ్యాహ్నం ఒకసారి కాళ్ళు వాటంతటవే మెట్ల దాకా వెళ్ళాయి. పైకి ఎక్కకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కూర్చోవడం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నమే తెలిసింది ఆయనకి.

సాయంత్రం ఆవిడ వచ్చింది. గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పు విప్పుతూ, అలవాటు కొద్దీ ఆయన లెక్క కోసం తల ఎత్తి చూసింది. చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"టీ పెట్టనా?" అన్నాడు.